ఆషాఢంలో వేలాడిన బోర్డు

నేను ఒక రేకు బోర్డును. నా ఒంటి మీద ఎర్ర రంగుతో "అద్దెకు ఇవ్వబడును" అని పెద్ద అక్షరాలు, వాటి కింద ఒక ఫోన్ నంబరు. నాకొచ్చిన చదువు అంతే. మీరు నన్ను చూసే ఉంటారు. కాకినాడ అనే కాదు, ఏ ఊళ్ళో ఏ గేటుకైనా నాలాంటిది ఒకటి తీగతో కట్టి వేలాడుతూనే ఉంటుంది. నాకున్నవి ఆ రెండు మాటలే అయినా, వాటి కింద నిలబడి మాట్లాడుకునే మనుషుల్ని మాత్రం బాగా చదివాను. గొప్పలు పోతున్నానంటారా, అనండి. ఎండకీ వానకీ గేటు పట్టుకుని వేలాడేదానికి ఆ మాత్రం పొగరు లేకపోతే ఎలా?

పుట్టుకతో నేను పామాయిల్ డబ్బాని. ఏదో హోటల్లో నూనె అయిపోయాక పాత సామాన్ల కొట్టుకి చేరాను. అక్కణ్ణుంచి జోగారావు అనే పెయింటరు నన్ను తెచ్చుకున్నాడు. బండ్ల నంబరు ప్లేట్లు, షాపుల బోర్డులు రాయడం అతని వృత్తి. నన్ను చీల్చి, సుత్తితో సాపు చేసి, తెల్ల రంగు పూసి ఎండలో ఆరబెట్టాడు. నూనె వాసన పోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది. మొదట్లో కాకులు నన్ను వదిలేవి కావు.

నా ఉద్యోగంలో ఒక తిరకాసు ఉంది. లోకంలో ఎవరికైనా పనిలో ఉంటేనే గౌరవం. నాకు పని లేకపోతేనే గౌరవం. నేను గేటుకి వేలాడుతున్నానంటే ఇంటాయన మొహం మాడ్చుకుని ఉన్నాడని అర్థం. నన్ను విప్పి అటక మీద పడేశారంటే ఆ ఇంట్లో ఆ రోజు పాయసం వండుకున్నారని అర్థం. నన్ను చూసి సంతోషపడే యజమానిని ఇంతవరకూ నేను చూడలేదు. పోన్లెండి, అలవాటైపోయింది.

నన్ను రాయించినాయన తమ్మిరాజు గారు. గాంధీనగర్ వెనక వీధిలో ఆయనకి ఒక చిన్న మేడ ఉండేది. కింద షట్టరు ఉన్న షాపు, పైన ఒక కుటుంబం ఉండే వాటా. ఆయన మాత్రం పక్కింట్లో ఉండేవారు. ఆయన అద్దెకి ఇల్లు ఇవ్వడం చూస్తే పిల్లకి సంబంధం చూస్తున్నారేమో అనిపించేది. ఇంటిపేరు అడిగేవారు, సొంతూరు అడిగేవారు, అక్కడ ఎవరెవరు బంధువులో అడిగేవారు, ఇంట్లో ఏం వండుకుంటారో కూడా అడిగేవారు. అద్దె ఎంత ఇవ్వగలరన్నది చివర్న ఎప్పుడో వచ్చేది.

ఒకసారి ఒకావిడ వచ్చింది. సన్నగా, చేతిలో గొడుగుతో, చంకన ఒక పాపతో. పైన వాటా కావాలంది. తమ్మిరాజు గారు మర్యాదగానే పేరడిగారు. సలోమి అని చెప్పింది. "అయ్యో, నిన్ననే ఇచ్చేశామమ్మా" అన్నారాయన. ఆవిడ తలెత్తి నన్నొకసారి చూసింది. తర్వాత ఆయన్ని చూసింది. గొడుగు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత కూడా నేను ఆ గేటుకే చాలా రోజులు వేలాడుతూ ఉన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ రేకు ముక్కకి ఒళ్ళు మండితే అది ఎండ వల్లే అనుకుంటారు.

చివరికి పైన ఒక బ్యాంకు గుమాస్తా కుటుంబం చేరింది. కింద షాపులోకి గంగాధరం అనే ఆయన వచ్చాడు. గాజులు, రిబ్బన్లు, పిల్లల బొమ్మలు అమ్మే ఫ్యాన్సీ షాపు పెట్టాడు. చేరేటప్పుడు మూడు లక్షలు అడ్వాన్సు ఇచ్చాడు. షాపులకి అది మామూలే. ఖాళీ చేసే రోజున ఆ డబ్బు మొత్తం తిరిగిచ్చెయ్యాలి, అదీ లెక్క. నన్ను మెట్ల గది అటకెక్కించారు. పక్కింటి పాయసం వాసన నాకు అటక మీదిదాకా వచ్చింది.

తర్వాత తమ్మిరాజు గారికి రొయ్యల చెరువుల మీద మనసు పుట్టి, మేడ అమ్మకానికి పెట్టారు. అప్పుడొచ్చారు హైమావతి గారు.

హైమావతి గారు ఒక ప్రైవేటు స్కూల్లో హిందీ టీచరు. భర్త సూర్యప్రకాశం గారు ఒక షిప్పింగ్ ఆఫీసులో గుమాస్తా. ఇద్దరికీ పెన్షన్ లేదు. పెళ్ళైన దగ్గర్నుంచీ అద్దిళ్ళలోనే ఉన్నారు, అప్పటికీ వేరే పేటలో అద్దెకే ఉంటున్నారు. ఆవిడ కోరిక ఒక్కటే. అప్పు చేసైనా ఈ మేడ కొనాలి, వచ్చే అద్దెలతో ఆ అప్పు తీర్చాలి, తను చాక్‌పీసు వదిలేసే నాటికి ఇల్లు సొంతమై నెలనెలా అద్దె చేతికి రావాలి. "ఈ మేడే నా పెన్షనండి" అని ఆవిడ ఎవరితోనో అనడం విన్నాను. గొంతులో ఎంత ఆశో!

ఆవిడ లెక్క కూడా ముచ్చటగానే ఉంది. షాపు అద్దె పన్నెండు వేలు, పై వాటా ఎనిమిది వేలు, మొత్తం ఇరవై. బ్యాంకు వాయిదా పద్దెనిమిది వేలు. నెలకి రెండు వేలు మిగులు. ఏడాదికి పన్నెండు నెలలు కాబట్టి పన్నెండుసార్లు మిగులు. అటక మీద పడుకుని వింటున్న నాకు నవ్వొచ్చింది. ఏడాదికి పన్నెండు నెలలూ అద్దె వచ్చేటట్టయితే నన్నెందుకు రాయించుకుంటారమ్మా?

ధర దగ్గర మూడు లక్షలు తక్కువపడ్డాయి. బ్యాంకు ఇవ్వాల్సింది ఇచ్చేసింది, సూర్యప్రకాశం గారి పీఎఫ్ తీసేశారు, ఇంక ఎక్కడా దారి లేదు. అప్పుడు తమ్మిరాజు గారు నెత్తిన పాలు పోసినట్టు ఒక మాటన్నారు.

"గంగాధరం ఇచ్చిన అడ్వాన్సు మూడు లక్షలు నా దగ్గరుందమ్మా. అది ధరలోంచి తీసేసుకోండి. రేపతను ఖాళీ చేసేటప్పుడు మీరిచ్చుకుందురుగాని."

ఆయన చెప్పిన దాంట్లో తప్పేం లేదు, అందరూ చేసేదే. హైమావతి గారికి అందులో మొదటి సగమే వినబడింది. ధర మూడు లక్షలు తగ్గిందనుకున్నారు. ఇంటికి వెళ్ళి, బేరం బాగా ఆడానని భర్తతో చెప్పుకున్నారట. అది తగ్గింపు కాదు, ఇంకొకరి డబ్బు మన నెత్తిన పెట్టుకోవడం అని ఆవిణ్ణి కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. మేడతో పాటు అటక మీది సామానంతా కూడా ఆవిడకే వదిలేశారు. ఒక విరిగిన కుర్చీ, ఒక కవ్వం, నేను.

కొన్న తర్వాత ఇల్లు తన ఖర్చులు ఒక్కొక్కటే బయట పెట్టడం మొదలుపెట్టింది. ముందు రిజిస్ట్రేషన్ ఖర్చులు. అవి ధరలో భాగమేననుకున్నారు పాపం. తర్వాత నీళ్ళ మోటారు కాలిపోయింది. తర్వాత పైన వాటాలో వంటింటి స్లాబు కారింది. తర్వాత మునిసిపాలిటీ వాళ్ళ ఇంటిపన్ను, పాత బకాయితో సహా. ఆ నెలకి రెండు వేలు అనే మిగులుని ఆవిడ ఒక్కసారి కూడా కళ్ళజూడలేదు. అయినా వాయిదా మాత్రం తప్పలేదు. స్కూలయ్యాక ట్యూషన్లు చెప్పి మరీ కట్టారు. ఆ పట్టుదల చూసి నాకు ముచ్చటేసింది, ఎందుకబద్ధం.

రెండో ఏడాది జ్యేష్ఠమాసంలో గంగాధరం వచ్చి, మెయిన్ రోడ్డులో పెద్ద షాపు దొరికిందన్నాడు.

"ఆషాఢం వచ్చేత్తందండి మేడం గారు. ఈలోపే మంచిరోజు చూసుకుని మారిపోతానండి. మన అడ్వాన్సు కాస్త రెడీ చేసుకోండి."

ఆషాఢం సంగతి మీకు తెలుసు కదా. ఆ నెల్లో పెళ్ళిళ్ళు చెయ్యరు, కొత్తింట్లో పాలు పొంగించరు, సామాను కట్టుకుని ఇల్లు మారరు. ఉన్నవాళ్ళు కదలరు, కదిలేవాళ్ళు ముందే కదిలిపోతారు. మామూలుగా అయితే కొత్తగా వచ్చేవాడి అడ్వాన్సు తీసుకుని వెళ్ళేవాడి చేతిలో పెడతారు. ఈ ఊళ్ళో సగం మేడలు అలాగే నడుస్తున్నాయి. కానీ ఇక్కడ వెళ్ళేవాడు జ్యేష్ఠంలో వెళ్తాడు, వచ్చేవాడు శ్రావణంలో గాని రాడు. మధ్యలో ఒక నెల ఖాళీ. ఆ ఖాళీలో పడ్డారు హైమావతి గారు.

నన్ను అటక మీంచి దించారు. తమ్మిరాజు గారి నంబరు గీకేసి, సూర్యప్రకాశం గారు మార్కరు పెన్నుతో తమ నంబరు రాశారు. నన్ను షట్టరుకి కట్టారు.

గంగాధరం సామాను తరలించేశాడు. తాళం మాత్రం ఇవ్వలేదు. అడ్వాన్సు చేతిలో పడితేనే తాళం చేతిలో పెడతానన్నాడు. అతన్ని తప్పు పట్టలేం, అతని డబ్బు అది. కానీ తాళం వేసిన షట్టరు మీద వేలాడుతున్న నన్ను చూసి ఎవరు మాత్రం ఆగుతారు? లోపల ఎలా ఉందో చూపించే దారి లేదు. పైగా ఆషాఢం వచ్చేసింది. వీధంతా చీరల తగ్గింపు ధరల అరుపులు తప్ప నాకేసి చూసిన నాథుడు లేడు. వాన పడితే నా మీది నంబరు కాస్త కారింది. హైమావతి గారు ఇంకో పెన్ను తెచ్చి మళ్ళీ దిద్దారు.

రోజూ స్కూలయ్యాక ఆవిడ అక్కడికి వచ్చేవారు. ఎందుకో ఆవిడకే తెలియదు. షట్టరు ముందు అరుగు మీద కూర్చుని ఫోను చేసేవారు. బ్యాంకు వాళ్ళు అప్పు పెంచడానికి టైం పడుతుందన్నారు. తోటి టీచర్ల చిట్టీ పాడితే చేతికొచ్చేది కావలసినదాంట్లో సగమే. షాపు అద్దె రాలేదు, వాయిదా తేదీ రానే వస్తోంది. ఆవిడ మొహం చూస్తే తల ప్రాణం తోకకొచ్చినట్టుండేది. నాకు చాలా బాధేసింది. అద్దెకుంది, అద్దెకుంది అని వీధిలో అరవాలనిపించింది. రాసి పెట్టుకోవడమే గాని అరవడం నాకు చేతకాదు కదా.

ఒకరోజు సూర్యప్రకాశం గారు చంటిబాబు అనే ఆయన్ని తీసుకొచ్చారు. వడ్డీలకి డబ్బు తిప్పే మనిషి. మేడని కింద నుంచి పైకి ఒకసారి చూసి, నూటికి ఐదు రూపాయల వడ్డీ అన్నాడు. అంటే మూడు లక్షలకి నెలకి పదిహేను వేలు. షాపు మళ్ళీ అద్దెకి పోయినా ఆ అద్దె మొత్తం అతని జేబులోకే. బ్యాంకు వాయిదా ఆగిపోతుంది. ఏడాది తిరిగేసరికి మేడ ఎవరిదవుతుందో చంటిబాబు మొహంలోనే రాసి ఉంది. అంత చక్కటి అక్షరాలు జోగారావు కూడా రాయలేడు. అతను వెళ్ళిపోయాక భార్యాభర్తలిద్దరూ అరుగు మీద కూలబడ్డారు.

"అమ్మేద్దాం హైమా" అన్నారు సూర్యప్రకాశం గారు. "మన తాహతుకి మించిన పని ఇది. ఎంతో కొంతకి వదిలేద్దాం."

"పెన్షనండి ఇది" అన్నారు ఆవిడ. కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. మర్నాడు సాయంత్రం చంటిబాబు దగ్గరికి వెళ్ళి కాగితం మీద సంతకం పెట్టడానికి ఒప్పుకున్నారు, ఎందుకంటే ఆషాఢంలో మేడ కొనేవాడు కూడా దొరకడు.

ఆ మర్నాడు సాయంత్రం ఆవిడ ఒక్కరే వచ్చి అరుగు మీద కూర్చున్నారు, భర్త ఆఫీసు నుంచి వస్తే కలిసి వెళ్దామని. సన్నగా తుంపర పడుతోంది. అప్పుడు ఒక గొడుగు వచ్చి నా ముందు ఆగింది.

సలోమి! మనిషి కొంచెం ఒళ్ళు చేసింది. చంకన ఉన్న పాప ఇప్పుడు స్కూలు యూనిఫారంలో పక్కన నిలబడి ఉంది. తలెత్తి నన్ను చూసింది. గుర్తుపట్టిందా లేదా అన్నది నాకు తెలీదు. నేను మాత్రం గుర్తుపట్టాను. మా ఇద్దరి సంగతీ తెలియని హైమావతి గారు, దిద్దుతున్న పిల్లల నోటు పుస్తకాలు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు.

సలోమి ఇంట్లో కేకులు చేసి అమ్ముతుందట. పుట్టినరోజులకీ పెళ్ళిళ్ళకీ ఆర్డర్లు పెరిగి, ఇంట్లో ఓవెన్ పెట్టే చోటు లేక షాపు చూసుకుంటోంది. క్రిస్మస్ నాటికి కాళ్ళూనుకోవాలంటే ఇప్పుడే మొదలుపెట్టాలంది. చెప్పవలసిందంతా చెప్పి, ఆగింది. ఎదటివాళ్ళు పేరడుగుతారని ఎదురు చూస్తున్నట్టుంది. హైమావతి గారు పేరడగలేదు. వేరే ఏదో అడిగారు, మాట తడబడుతూ.

"ఆషాఢం కదండి. ఇప్పుడే చేరతారా?"

"మాకు ఆషాఢం లేదండి టీచరు గారు" అంది సలోమి. "మొన్న ఆదివారం మా పాస్టరు గారు ప్రార్థన కూడా చేసేశారండి. దొరికిన రోజే మంచిరోజండి మాకు."

నాకు ఊపిరి ఉంటే ఆ క్షణంలో గట్టిగా పీల్చుకునేవాణ్ణి. వీధిలో ఉన్న అందరి పంచాంగాల్లోనూ మూసుకున్న తలుపు ఈవిడకి తెరిచే ఉంది.

హైమావతి గారి మొహం వెలిగింది, వెంటనే మళ్ళీ వాడిపోయింది. అక్కడే ఆవిడ నాకు ఎప్పటికీ నచ్చేసిన పని చేశారు. లోపల చూపించమంటే ఏదో సాకు చెప్పి ముందు అడ్వాన్సు పుచ్చుకోవచ్చు. అలా చెయ్యలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశారు. తాళం పాతాయన దగ్గరుందనీ, ఆయన అడ్వాన్సు తిరిగిస్తే గాని ఇవ్వడనీ, ఆ డబ్బు తన దగ్గర లేదనీ, సలోమి ఇచ్చే అడ్వాన్సే నేరుగా ఆయనకి వెళ్ళాలనీ. చెప్పేటప్పుడు తల దించుకున్నారు.

సలోమి నవ్వింది. "అందరివీ అంతేనండి. నేనుండే ఇల్లుగలాయన కూడా అంతే. చెప్పినోళ్ళని మిమ్మల్నే చూశాను."

అయితే అడ్వాన్సుకి రెండు లక్షలే ఇవ్వగలనంది. దాచుకున్న దాంట్లో మిగిలిన లక్ష ఓవెన్‌కి కావాలట. హైమావతి గారు ఒక్క నిమిషం ఆలోచించి, తన చేతి గాజులు చూసుకున్నారు. మూడు లక్షలకి ఆ గాజులు చాలవు. ఒక్క లక్షకైతే బ్యాంకులో పెడితే చాలు, వడ్డీ కూడా ట్యూషన్లతో తీరిపోతుంది. ఆవిడ లెక్క కట్టడం నేర్చుకుంటున్నారని నాకు అప్పుడే తెలిసింది. సూర్యప్రకాశం గారు తడుస్తూ వచ్చేసరికి ఆవిడ గేటు దగ్గరే ఎదురెళ్ళి, "చంటిబాబు గారికి రావట్లేదని చెప్పెయ్యండి" అన్నారు. ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తడి జేబురుమాలుతోనే మొహం తుడుచుకుంటూ అరుగు మీద కూర్చుండిపోయారు.

ఆ వారంలోనే గంగాధరం డబ్బు లెక్కపెట్టుకుని తాళం ఇచ్చాడు. షట్టరు పైకెత్తిన చప్పుడు వీధంతా వినబడింది. నేనూ దాంతో పాటు పైకెళ్ళి, చుట్టుకుపోబోయి, తీగ తెగి కింద పడ్డాను. ఒక మూల వంగింది. ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. అందరి మొహాల్లోనూ ఉన్న ఆ తేలిక చూస్తుంటే మూల వంగితే ఏం, విరిగితే ఏం అనిపించింది.

తర్వాత హైమావతి గారు మారారు. గాజులు విడిపించుకున్నాక, నెలనెలా కొంత డబ్బు బ్యాంకులో విడిగా వెయ్యడం మొదలుపెట్టారు. దాన్ని సలోమి డబ్బు అనేవారు. మోటారు కాలినా, స్లాబు కారినా దాని జోలికి వెళ్ళేవారు కాదు. వెళ్ళేటప్పుడు రెండు నెలల ముందు చెప్పాలనీ, తాళం ఇచ్చాక నెల్లోపు అడ్వాన్సు ఇస్తామనీ సలోమితో కాగితం కూడా రాసుకున్నారు. స్కూల్లో ఇంకో టీచరమ్మ ఇల్లు కొని అద్దెకిద్దామని సలహా అడగడానికి షాపు దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడ చెప్పిన మాట నాకింకా గుర్తే.

"ఏడాదికి పది నెలల అద్దే వస్తుందనుకో. మిగతా రెండూ ఇల్లే తినేస్తుంది. ఆ పది నెలల డబ్బుతో వాయిదా కట్టగలిగితేనే కొను. అడ్వాన్సు మాత్రం నీ డబ్బు కాదు, వాళ్ళది నీ దగ్గర పడుకుందంతే, దాన్ని లేపకు."

ఇన్నాళ్ళూ గేటుకి వేలాడి నేను నేర్చుకున్న చదువంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంది. చేతులుంటే చప్పట్లు కొట్టేదాన్ని, కొట్టేవాణ్ణి, ఏదో ఒకటి.

ఆ మాటలు నేను అటక మీంచి వినలేదు, అప్పటికి నా చోటు మారిపోయింది. షాపు తెరిచే ముందురోజు సలోమి నన్ను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. నా వెనక వైపు బోసిగా, తెల్లగా ఉంది.

"ఇది నాకిచ్చేత్తారా టీచరు గారు? కొత్త బోర్డు రాయించాలంటే బోలెడు. దీని వెనకాల రాయించుకుంటాను."

హైమావతి గారు కాసేపు తటపటాయించారు. పై వాటా ఖాళీ అయితే మళ్ళీ నేను కావాలి కదా. అయినా ఇచ్చేశారు. నన్ను జోగారావు దగ్గరికే తీసుకెళ్ళారు. అతనికి జుట్టు నెరిసింది, కళ్ళజోడొచ్చింది. వంగిన మూలని సుత్తితో సరిచేస్తూ, "ఇది నా చెయ్యే" అని తనలో తనే గొణుక్కున్నాడు. మూడు పొరల రంగు వేసి, నా వీపు మీద "సలోమి కేకులు" అని రాశాడు. పక్కన ఒక గులాబీ పువ్వు కూడా, డబ్బులడక్కుండా.

ఇప్పుడు నేను షట్టరు పైన గోడకి మేకులతో బిగించి ఉన్నాను. కింద నుంచి వెన్న వాసన, ఏలకుల వాసన వస్తుంటుంది. పిల్లలు నన్ను చదివి అమ్మల చెయ్యి పట్టుకుని లాగుతారు. నన్ను చూసి సంతోషపడే మనుషుల్ని నేనిప్పుడు రోజూ చూస్తున్నాను. అన్నేళ్ళ తర్వాత వచ్చిన గౌరవం కదా, కొంచెం తలకెక్కిన మాట నిజమే. నెల మొదట్లో హైమావతి గారు అద్దె తీసుకోవడానికి వచ్చి, రసీదు ఇచ్చి, ఒక కేకు ముక్క తిని, హాయిగా నవ్వుతూ వెళ్తుంటారు.

పాత అక్షరాలు చెరిగిపోలేదు. "అద్దెకు ఇవ్వబడును" అన్న ఎర్ర రాత నా రెండో వైపున అలాగే ఉంది, కాకపోతే గోడకేసి తిరిగి ఉంది. దాన్ని చదివేది ఇప్పుడు ఆ గోడ ఒక్కటే. దానికి ఇల్లు అక్కర్లేదు.